కాటు పడ్డవాళ్ళు లోపలికి రాకూడదు

ప్లస్ టూ పరీక్షలు రాసి రిజల్ట్స్ కోసం కూర్చున్న ఆ వేసవిలో నాకు పదిహేడేళ్ళు. బుద్ధి మాత్రం ఏడేళ్ళ దగ్గరే ఆగిపోయింది. మద్రాసు రాయపురంలో, హౌసింగ్ బోర్డు ఇళ్ళలో, రెండో అంతస్తులో, ఒక గదీ ఒక మూల పొయ్యీ మా సంసారం. అందులో అమ్మ, అవ్వ, నేను. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ చూలైలో వీధులు ఊడ్చే పని చేసేది, కాంట్రాక్టు మీద. చీకటితో లేచి షేర్ ఆటో ఎక్కితే మధ్యాహ్నం రెండు దాటాక ఇల్లు చేరేది. అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, నలభై ఏళ్ళు హార్బరు దగ్గర చేపలమ్మి, మోకాళ్ళు పట్టేశాక ఇంట్లో కూర్చుంది. కూర్చున్నవి కాళ్ళే. నోరు ఇంకా సంతలోనే ఉండేది.

నేను పగలంతా ఫోన్‌లో జాంబీ సినిమాలు చూసేదాన్ని. చచ్చినవాళ్ళు లేచి వస్తారు, బతికున్నవాళ్ళను కరుస్తారు, కాటు పడ్డవాళ్ళు కాసేపటికి అదే బాపతు అయిపోతారు. అన్నిట్లోనూ అదే కథ, అయినా ఒక్కటీ వదల్లేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫోన్‌లో ఛార్జింగూ పోయింది. ఉక్కపోతలో గోడకానుకుని, ఇదే మద్రాసుకి వస్తే మేం ముగ్గురం ఏం చేస్తాం అని ఆలోచించాను. ఏమీ చెయ్యలేమని అర్థమయ్యేసరికి నిజంగానే భయమేసింది. ఫిజిక్స్ రికార్డులో మిగిలిన కాగితాలు తెరిచి తిండి, చోటు, ఆయుధాలు అని మూడు తలకట్లు పెట్టి రాయడం మొదలుపెట్టాను.

అవ్వ కత్తిపీట ముందు కూర్చుని పక్కింటివాళ్ళ చేపలు కోసిపెడుతోంది. "ఏందిమే అంత రాస్తా ఉండావు? పరీక్షలు అయిపొయినాయంటివే" అంది.

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. అవ్వ చెయ్యి ఆపి, ధర అడిగినంత గంభీరంగా, "చచ్చి లేచినోళ్ళు చేప తింటారా?" అని అడిగింది.

"తినరు. మనుషుల్నే తింటారు."

"అట్లయితే చేపలు మనకే మిగుల్తాయి. చదువు, ఏం రాసినావో."

చదివాను. నూడుల్స్ ఇరవై ప్యాకెట్లు, చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు. అవ్వ నా వంక జాలిగా చూసింది. నూడుల్స్ ఉడకేసే నీళ్ళు యాడివి, గ్యాసు యాడిది అంది. మామూలు రోజుల్లోనే నీళ్ళ లారీ రెండు దినాలు రాకపోతే బిందెలతో కొట్టుకుంటారు ఈడ, ఆ లారీ డ్రైవరే చచ్చి లేస్తే నీళ్ళెవరు తెస్తారంది. నా జాబితా మొత్తం కొట్టేయించి తన జాబితా రాయించింది. బొరుగులు, బెల్లం, ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టెలు, ఉప్పు పొరల మధ్య పెట్టిన ఎండు చేపలు. నీళ్ళకి ఎనిమిది ప్లాస్టిక్ బిందెలు, మూతున్న డ్రమ్ము ఒకటి. ఎండు చేపల వాసనకి చచ్చినవాళ్ళు కూడా గుమ్మం దరిదాపులకి రారని భరోసా ఇచ్చింది.

చోటు దగ్గర పెద్ద గొడవ. నేను మొట్టమాడి, అంటే డాబా మీద, అన్నాను, పైన వాటర్ ట్యాంకు ఉంది కదా అని. సినిమాల్లో అందరూ మేడ మీదికే ఎక్కుతారు. "ఈ ఎండల్లో ఆడ కూర్చుంటే వాళ్ళు కరవనక్కర్లేదు, నువ్వే చచ్చి నువ్వే లేస్తావు" అంది అవ్వ. చివరికి మా గదే ఖాయమైంది. ఒకటే తలుపు, కమ్మీలున్న కిటికీ ఒకటి. తలుపుకి లోపల ఒక గడి, వరండా వైపు ఒక గడి. గడి చాలా అని అవ్వ అనుమానపడితే, జాంబీలకి గడి తియ్యడం రాదు, ఊరికే తోస్తారు అంతే అని నేనే వివరించాను. ఈ విషయంలో నాకున్న పాండిత్యం అంతా ఇంతా కాదు.

ఆయుధాల్లో నా వంతు ఒక ఇనప పైపు, కారం పొడి. చచ్చినవాళ్ళ కళ్ళకి కారం మండదని అవ్వ కొట్టిపారేసింది. కత్తిపీట రాయబోతే, "అది నేలకి ఉండే కత్తి. వాడొచ్చి నీ ముందర కూర్చుని తల వంచాల" అంది. తన ఆయుధం వేరే ఉంది. వల. దూరంగా ఉన్నప్పుడే విసిరితే చేతులూ కాళ్ళూ ఇరుక్కుని పడతాడు, ఆపైన వాడి పక్కకి పోవాల్సిన పనే లేదు. హార్బరులో ఎవరినో అడిగించి చిరిగిన నైలాన్ వల ఒకటి తెప్పించింది కూడా. నేను మెట్ల మీద నిలబడి కింద ప్లాస్టిక్ డ్రమ్ము మీదికి వల విసరడం నేర్చుకుంటుంటే, అవ్వ పైన కూర్చుని తిట్టేది. మూడు రోజుల్లో పదిసార్లకి నాలుగుసార్లు డ్రమ్ము చిక్కింది.

నాలుగో రోజు అమ్మకి ప్లాను చదివి వినిపించాను. అమ్మ అప్పుడే స్నానం చేసి వచ్చి అన్నం ముందు కూర్చుంది. మా అమ్మ పని నుంచి తిన్నగా ఇంట్లోకి ఏనాడూ రాలేదు. కింద పంపు పక్కన రేకులు కట్టిన స్నానాల గదిలో పని చీర ఉతికి, బట్టల సబ్బుతో ఒళ్ళంతా తోముకుని, అక్కడి మేకుకి నేను తగిలించి పెట్టిన చీర కట్టుకుని, అప్పుడు మెట్లెక్కేది. అంతవరకూ నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. చిన్నప్పుడు అందరి అమ్మలూ అంతే అనుకునేదాన్ని.

అన్నీ వింది, వలకి నవ్వింది. ఎర్ర పెన్నుతో రాసిన మొదటి రూలు దగ్గరికొచ్చాను. కాటు పడ్డవాళ్ళు లోపలికి రాకూడదు, ఎవరైనా సరే.

"నేనైతేనో?" అంది అమ్మ.

"నువ్వైనా అంతే. సినిమాల్లో సగం మంది అక్కడే చస్తారు, అయ్యో మనవాళ్ళు కదా అని తలుపు తీసి."

"సరి మా" అని అన్నం కలుపుకుంది.

ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ ఏం చేసినా పాపం లేదనిపిస్తుంది.

మర్నాటి నుంచి గుమ్మం దగ్గర చెక్‌పోస్టు పెట్టాను. అమ్మ స్నానం చేసి మెట్లెక్కి రాగానే నేను అడ్డంగా నిలబడేదాన్ని. రెండు చేతులూ చాపాలి, అటూ ఇటూ తిప్పాలి. మెడ చూపించాలి. కళ్ళు పెద్దవి చెయ్యాలి. పొద్దుటి నుంచి చెత్తబండి తోసి వచ్చిన మనిషిని నిలబెట్టి నేను ఆ వేషాలు వేస్తుంటే, అమ్మ విసుక్కోకుండా అన్నీ చూపించేది. పాస్ అన్నాక లోపలికొచ్చేది. కాళ్ళు చూడాలని నాకు తట్టలేదు. సినిమాల్లో ఎవరినీ పిక్క మీద కరవరు.

అలా ఓ వారం నడిచింది. తర్వాత ఇంట్లో ఏదో మారింది. అప్పట్లో ఒక్కొక్కటీ చిన్న విషయంగానే కనబడింది. అమ్మ స్నానానికి ఎక్కువసేపు పట్టేది. లోపల ఉడుకుతోందని వరండాలో చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఒక రోజు తెల్లవారుజామున నేను బాత్రూముకని లేచి తలుపు లాగితే రాలేదు. బయటి నుంచి గడి పెట్టి ఉంది. కొట్టాను. అమ్మ వెంటనే తీసింది, అసలు నిద్రే పోనట్టు.

"ఎందుకు పెట్టావు?"

"గాలికి తలుపు కొట్టుకుంటా ఉంది."

ఆ వేసవిలో మద్రాసులో గాలా? ఆకు కదిలిన పాపాన పోలేదు. అయినా నిద్రమత్తులో నేను ఊరుకున్నాను.

పట్టుకున్నది అవ్వ. ఒక మధ్యాహ్నం అమ్మ అన్నం ముందు కూర్చుంది. అవ్వ తన చేత్తో వండిన వంజరం చేప పులుసు ముక్క పళ్ళెంలో వేసింది. అమ్మ ఆ ముక్కని పక్కకి జరిపి మజ్జిగ పోసుకుంది. అవ్వ గరిటె దించలేదు.

"వారం దినాలుగా చూస్తా ఉండా" అంది. "చేప ముట్టడంలే, గుడ్డు ముట్టడంలే. నిన్న వంకాయ కూడా ఏరి పక్కన పెట్టినావు. ఏం పత్యంమే అది?"

"వేడి చేసింది. సుమ్మా, ఊరికేనే, తినబుద్ధి కాలా."

"కాలు చూపించు."

అమ్మ కదల్లేదు. అవ్వ మోకాళ్ళ నొప్పిని మరిచిపోయి కింద కూర్చుంది. అమ్మ చీర కుచ్చిళ్ళని అవ్వే పైకెత్తింది. ఎడమ పిక్క మీద, వెనక వైపు, మానుతున్న నాలుగు గాట్లు. వాటి చుట్టూ తెల్లగా సున్నం పూత.

"ఏ కుక్క?" అంది అవ్వ.

చేపా, గుడ్డూ, వంకాయా మానేసిన మనిషిని చూసి కుక్కకాటు అని పోల్చుకోవడం అవ్వ తరానికి తెలుసు. నాకు తెలియదు. నేను ఆ గాట్లనే చూస్తూ నిలబడిపోయాను. అమ్మ నెమ్మదిగా చెప్పింది. చూలైలో బైండింగు షాపుల సందులో, తోపుడు బండి కింద ఈనిన కుక్క. రెండేళ్ళుగా ఎరిగిన కుక్కే, అమ్మ పొద్దున టీతోపాటు దానికీ ఒక బిస్కెట్ వేసేది. ఆ రోజు బండి కింద కాగితాలు లాగబోతే పిల్లలకేదో చేస్తోందనుకుందో ఏమో, చప్పుడు లేకుండా వచ్చి పట్టేసింది. అప్పటికి తొమ్మిది రోజులు.

"బావులు చూసినావా?" అంది అవ్వ.

"చూసినా. ఏడూ చూసినా. ఆ దినమే."

అవ్వ ఊపిరి వదిలి గోడకానుకుంది. మొహంలో ఆ బిగువంతా సడలిపోయింది. "ముందే చెప్పుండొచ్చు కదా" అంది, అంతే.

నాకు అర్థం కాలేదు. ఏం బావులని అడిగితే ఇద్దరూ కలిసి చెప్పారు. కుక్క కరిస్తే ఏడు బావుల్లోకి తొంగి చూడాలి, నీళ్ళలో తన మొహం తనకి కనపడాలి. ఆపైన నీచు ముట్టకుండా పత్యం ఉండాలి. విషం దిగిపోతుంది. మా పెద్దవాళ్ళ నుంచీ అదే మందు, అవ్వ తమ్ముడికి అట్లానే నయమై ముసలివాడయ్యేదాకా బతికాడట. మా పూర్వీకులు ఎప్పుడో నెల్లూరు నుంచి ఉప్పూ చేపా మోసుకుంటూ వచ్చినప్పుడు ఈ వైద్యం కూడా మోసుకొచ్చినట్టున్నారు.

నేను అరిచాను. అబద్ధం ఎందుకు, అమ్మ మీద నేనంతగా అరిచింది అదొక్కసారే. ప్లస్ వన్‌లో మా టీచరు రేబిస్ పాఠం చెప్పింది. లక్షణాలు కనబడ్డాక మందు లేదు అన్న ఒక్క వాక్యం చాలా రోజులు నన్ను పట్టుకుంది. నీళ్ళు చూస్తే గొంతు పట్టేస్తుంది, మనిషి మనిషిగా ఉండడు. నేను చేతులూ మెడా చూసి పాస్ అంటున్న ఆ తొమ్మిది రోజులూ అది మా గుమ్మం బయట చాప మీద పడుకునే ఉంది. "బావిలో మొహం చూసుకుంటే పోయే రోగమా అది? ఇప్పుడే ఆస్పత్రికి పద" అన్నాను.

అమ్మ రానంది. బొడ్డు చుట్టూ పదహారు సూదులు పొడుస్తారంది. లీవు పెడితే మేస్త్రి పేరు కొట్టేస్తాడంది. గాయం మానింది కదా అంది. అవ్వ కూడా అమ్మ వైపే. బావులు చూసిన మనిషికి సూదులెందుకని వాదన. ఏడుస్తూ కాళ్ళు పట్టుకున్నా ఆ ఇద్దరూ కదిలేట్టు లేరు. అప్పుడు అమ్మని అడిగాను, చూలైలో ఏడు బావులు ఎక్కడున్నాయని.

అమ్మ తల వంచుకుంది. "ఒకటి బావి. కోవిల వెనకాల ఉంది. మిగతావి సంపులు."

అంటే ఇళ్ళ ముందు లారీ నీళ్ళు పోయించుకునే సిమెంటు తొట్లు. వీధులు ఊడుస్తూ, మూత తీసి ఉన్న సంపు కనబడినప్పుడల్లా వంగి చూసిందట. ఒక ఇంటావిడ ఏం దొంగిలించడానికి తొంగి చూస్తున్నావని కసిరిందట కూడా.

అవ్వ మొహం మళ్ళీ బిగుసుకుంది. "ఆరు సంపులా?"

"బావులు యాడుండాయమ్మా ఈ ఊళ్ళో?"

ఆ అదను నేను వదల్లేదు. "అవ్వా, సంపు బావి అవుద్దా? బావిలో ఊట ఉంటది. సంపులో ఉండేది లారీ నీళ్ళు. నీ తమ్ముడు సంపుల్లో చూశాడా?" అన్నాను. నాకు ఆ బావుల మీద ఆవగింజంత నమ్మకం లేదు. కానీ అవ్వకుంది. ఆ నమ్మకంలోంచే తప్ప ఇంకో దారిలో అవ్వ దగ్గరికి పోలేనని ఆ క్షణాన ఎవరు నేర్పారో తెలియదు.

అవ్వ లేచి అమ్మ చెప్పులు తీసి గుమ్మం ముందు పెట్టింది. "ఒక బావితో ఆగదు. లేయ్. సూది ఏసుకుని రా. రాకపోతే నీ చేతి నీళ్ళు ముట్టను" అంది.

అమ్మని ఆటో ఎక్కించి తీసుకుపోయాను. పెద్దాసుపత్రిలో కుక్కకాట్లకి వేరే వరస ఉంది. మాకు ముందు ఎందరో. చేతికి కట్టు కట్టుకున్న పెద్దాయన, చెంప మీద గాటుతో ఒక పసిబిడ్డ. అందరూ ఇవాళో నిన్నో కరిపించుకున్నవాళ్ళే. ఎన్ని రోజులైందని పక్కనామె అడిగితే తొమ్మిది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బెంచీ మీద అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చెయ్యి వేడిగా ఉందా, మామూలుగానే ఉందా అని మాటిమాటికీ చూసుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను చివరికి. "ఆ రూలు చూసి భయపడ్డావా? నేను రానివ్వననుకున్నావా?"

అమ్మ ఎదురుగా ఉన్న గోడ వంక చూస్తూ చెప్పింది. "పిచ్చెక్కినోళ్ళు కన్నబిడ్డనైనా కరుస్తారంట కదా. ఒక వేళ రాత్రిలో నాకు అట్లా ఏమైనా అయితే, మీరిద్దరూ లోపల ఉండారు. పిచ్చెక్కినోళ్ళకి గడి తియ్యను రాదని నువ్వే చెప్పినావు. నేను ఆడ అరిస్తే నువ్వు తలుపు తీస్తావని నాకు తెలుసు. అందుకే గడి నా తట్టు ఏసుకున్నా."

నేను ఏడ్చాను. వరసలో అందరూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాను. నా రూలు వాళ్ళెవరికీ తెలియదు. ప్రపంచంలో ఆ పిచ్చి రూలుని నమ్మి పాటించింది మా అమ్మ ఒక్కతే, అదీ తన మీదే. అమ్మ కొంగుతో నా మొహం తుడుస్తూ, ఊరుకోమ్మా, సూది నాకు కదా అంటూనే ఉంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. తమిళంలో చెడామడా చివాట్లు పెట్టింది, అమ్మని కాదు, నన్ను. చదువుకున్న పిల్లవి ఇంట్లో ఉండి తొమ్మిది రోజులు చూస్తూ కూర్చున్నావా అంది. న్యాయమైన చివాట్లే. సూది బొడ్డు చుట్టూ కాదు, జబ్బకే వేశారు. గాయం చుట్టూ ఇంకొకటి వేస్తే అమ్మ పళ్ళ బిగువున ఓర్చుకుంది. మళ్ళీ రావలసిన తేదీలు చీటీ మీద రాసిచ్చారు. ఇప్పుడు నయమైనట్టేనా అని అడిగాను. ఆలస్యమైంది, అయినా మొదలుపెట్టడమే మంచిది, మాట ఇవ్వలేను అంది ఆవిడ. కరిచిన కుక్క బతికుందేమో చూడమంది. పది రోజులు దాటాక కూడా అది బాగుంటే భయం లేదట. నీళ్ళు మింగడం కష్టమైనట్టు అనిపిస్తే ఏ వేళలోనైనా తీసుకురమ్మంది. తీసుకొస్తే ఏం చేస్తారని నేను అడగలేదు. పాఠంలో చదివాను కదా.

మర్నాడు పదో రోజు. కరిచిన నాటి నుంచీ అమ్మ ఆ సందు వేరేవాళ్ళకి వదిలేసిందట, కుక్క సంగతి తనకీ తెలియదు. అమ్మతో పాటు నేనూ చూలై వెళ్ళాను, వల సంచిలో పెట్టుకుని. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ వేళ నా దగ్గరున్న ఆయుధం అదొక్కటే. దారి పొడుగునా ఒకటే కోరుకున్నాను, ఆ కుక్క కనబడాలి, నా మీదికి మొరుగుతూ రావాలి, దాని ఆరోగ్యం చల్లగా ఉండాలి. ఏ దేవుడికీ అంతగా మొక్కుకున్నది లేదు. కాగితం కోసే మిషన్ల చప్పుడు మధ్య సందులోకి తిరిగాం. తోపుడు బండి అక్కడే ఉంది. కింద రెండు కుక్కపిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. తల్లి లేదు.

బైండింగు షాపులో జిగురు పూస్తున్న ఆవిడని అడిగాను. అది కనబడి వారం పైనే అయిందంది. పిల్లలకి ఆవిడే పాలు పోస్తోంది. ఎక్కడికి పోయిందని అడిగితే తలొక మాట. కుక్కలు పట్టే బండి వచ్చి పట్టుకుపోయిందని ఒకరు, మెయిన్ రోడ్డు మీద లారీ కింద పడిందని ఒకరు, చివరి రోజుల్లో నోటి వెంట చొంగ కార్చుకుంటూ తిరిగిందని ఇంకొకరు. ఆ మూడో మనిషిని గట్టిగా అడిగితే, ఆ కుక్కో వేరే కుక్కో తెలియదన్నాడు. ఆ సందులోనే ఒక కాగితాల కట్ట మీద కూలబడ్డాను.

అమ్మ తోపుడు బండి దగ్గర వంగుతోంది, కుక్కపిల్లని తియ్యడానికి.

"ముట్టుకోవద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. చేతిసంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి, దూరం నుంచే రెండు ముక్కలు వాటి ముందుకి వేసి, చీపురు తీసుకుని పనిలోకి వెళ్ళిపోయింది.

కుక్క సంగతి ఎప్పటికీ తేలలేదు. ఇక మాకు మిగిలింది నీళ్ళు. అమ్మ పని నుంచి వచ్చి స్నానం చేసి గుమ్మంలోకి రాగానే చెంబు నిండా నీళ్ళిచ్చేదాన్ని. తాగుతుంటే గొంతు వంక చూసేదాన్ని. అన్నం మధ్యలో ఇంకో చెంబు. పడుకోబోయే ముందు ఇంకొకటి. దాహం లేదన్నా ఊరుకునేదాన్ని కాదు. అవ్వ కూడా పొయ్యి పని ఆపి చూసేది, చూడనట్టు. రిజల్ట్స్ వచ్చాయి, పాసయ్యాను, ఎన్ని మార్కులో ఇప్పుడు గుర్తు లేదు. ఆ రోజు అమ్మ ఎన్ని చెంబులు తాగిందో అడగండి, చెప్తాను. సూదులన్నీ చీటీ మీది తేదీల ప్రకారం వేయించాం. మేస్త్రి పేరు కొట్టేస్తానని బెదిరించిన మాట నిజమే, కానీ కొట్టలేదు. వరండాలో చాప చుట్టేసి అమ్మని లోపల, నాకూ అవ్వకీ మధ్య పడుకోబెట్టాం. మొదటి రాత్రి అమ్మ ఒప్పుకోలేదు. అవ్వ ఆమె చీర కొంగు మీద తల పెట్టుకుని పడుకుంది, అమ్మ లేచి పోకుండా.

ఆఖరి సూది రోజున అదే డాక్టరు, ఇంక అంతా బాగున్నట్టే అని నవ్వింది. నేను ఊరుకోకుండా, పూర్తిగా నమ్మొచ్చా అని రెట్టించాను. ఎక్కడో అరుదుగా చాలా ఆలస్యంగా బయటపడిన సందర్భాలూ ఉన్నాయి, కానీ నువ్వు అవేం మనసులో పెట్టుకోకు అంది. పెట్టుకోవద్దని చెప్పే మాట అసలు ఎందుకు చెప్పాలి? నేనెందుకు అడగాలి?

చాలా ఏళ్ళయింది. అవ్వ మోకాళ్ళతోనూ నోటితోనూ ఆఖరిదాకా పోట్లాడి వెళ్ళిపోయింది. నేను అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. అమ్మ ఊడ్చే పని మానేసింది, ఇద్దరం ఫ్యాక్టరీకి దగ్గర్లోనే ఉంటున్నాం. ఇప్పుడు పంపులో నీళ్ళు వస్తాయి, ఫ్రిజ్జు ఉంది. అమ్మకి చేప లేనిదే ముద్ద దిగదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి చెంబెత్తి నీళ్ళు తాగుతోంది. మధ్యలో పొరబోయింది. దగ్గు వచ్చి, గొంతు పట్టుకుని చెంబు దించింది. నా చేతిలో గిన్నె ఎప్పుడు జారిపడిందో నాకు తెలియదు. పప్పంతా నేల మీద.

"పొరబోయింది మా, అంతే" అంది అమ్మ, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ.

"ఇంకొక గుక్క తాగు" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. ఎందుకని అడగలేదు, నవ్వలేదు. చెంబు మళ్ళీ ఎత్తి నేను చూస్తుండగా ఒక్కొక్క గుక్కా నిదానంగా మింగింది. అంతా అయ్యాక ఖాళీ చెంబు నా వైపు వంచి లోపల చూపించింది.